సూది కోసం దేశాల సిగపట్లు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఆమోదించిన మహమ్మారి ఒప్పందం మీద పోయిన సంచికలో చిన్న వార్త వేశాం. అంతే, కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఉత్తరాలు కట్టగా వచ్చాయి. ఒప్పందం సంగతి అడిగినవాళ్లు తక్కువ. 2021 ఎండాకాలంలో టీకా ఎక్కడ ఆగింది, ఆపిందెవరు అన్నదే ఎక్కువమంది సందేహం. ఒకే మాట అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

మే నెలలో తెల్లారకముందే ఆరోగ్య కేంద్రం ముందర చెప్పులు వరుసగా పెట్టి టోకెన్ కోసం కాచుకున్నాం. టీకా తయారయ్యేది పుణెలో, హైదరాబాదులో. మనకే లేకుండా పోయిందంటే విదేశాలకు పంపబట్టే కదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు

పంపిన మాట నిజం. కానీ మీ టోకెన్ దానివల్ల పోలేదు. లెక్క చూడండి. 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులతో మొదలుపెట్టి, మార్చి ఆఖర్లో ఎగుమతులు దాదాపు ఆగిపోయేదాకా దేశం దాటినవి సుమారు 6.6 కోట్ల డోసులు. అందులో మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవి కోటి పైచిలుకే. సగానికి మించి కంపెనీలు అమ్మినవి. మిగతావి కోవాక్స్‌కు వెళ్లాయి. పేద దేశాలకు టీకా అందించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, గావి వంటి సంస్థలు కలిసి పెట్టిన ఉమ్మడి ఏర్పాటు అది.

ఇప్పుడు మన అవసరం. పద్దెనిమిది నిండినవాళ్లు సుమారు 94 కోట్లు, రెండేసి డోసులంటే 188 కోట్లు. ఆస్ట్రాజెనెకా టీకానే పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసేది, అప్పట్లో అది నెలకు 6 నుంచి 7 కోట్లు వచ్చేది. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ అందులో చిన్న వాటా. రెండూ కలిపి నెలకు 8 కోట్లనుకున్నా, అందరికీ వేయడానికి దాదాపు రెండేళ్లు. పంపిన 6.6 కోట్లూ ఇక్కడే ఉంచుకున్నా నెల రోజులు కూడా రావు.

అసలు లోపం ఆర్డర్లో ఉంది. బ్రిటన్, అమెరికా 2020 మే నెలలోనే ఆస్ట్రాజెనెకాకు డబ్బు కట్టి వరుసలో నిలబడ్డాయి. టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే, పోతే పోయిందనుకుని కట్టిన డబ్బు అది. మన కేంద్రం కోవిషీల్డ్‌కు మొదటి ఆర్డరు పెట్టింది 2021 జనవరి 11న, 1.1 కోట్ల డోసులకు, డోసు 200 రూపాయలు, పన్ను అదనం. ఉత్పత్తి పెంచుకోమని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు 3,000 కోట్లు, భారత్ బయోటెక్‌కు 1,500 కోట్లు అడ్వాన్సు మంజూరైంది ఏప్రిల్లో, రెండో అల నెత్తిమీదికి వచ్చాక.

ఏప్రిల్లో డబ్బిస్తే మేలో సూది ఎందుకు రాదంటే, కోవాక్సిన్ ఒక బ్యాచ్ మొదలుపెట్టిన నాటి నుంచి జనం చేతికి పడేదాకా 120 రోజులు పడుతుందని కంపెనీయే చెప్పింది. వైరస్‌ను కణాల్లో పెంచాలి, అదీ గాలి కూడా వడగట్టి బయటికి వదిలే బీఎస్‌ఎల్-3 గదుల్లో. తర్వాత రసాయనంతో చంపాలి, శుద్ధి చేయాలి, సహాయక మందు కలపాలి, సీసాల్లో నింపాలి. సూక్ష్మజీవులేవీ లేవని తేల్చే పరీక్ష ఒక్కటే 14 రోజులు. దాని పైన టీకాలను పరీక్షించే కసౌలి కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల క్లియరెన్సు. పిండి ఎక్కువ కలిపితే దోసెలు ఎక్కువ వస్తాయన్న లెక్క ఇక్కడ చెల్లదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఎగుమతి ఆపి మనమూ మాట తప్పినవాళ్లమయ్యాం. నేపాల్ 20 లక్షల డోసులు కొనుక్కుంది, చేతికి వచ్చినవి 10 లక్షలే. అక్కడ మొదటి డోసు వేయించుకున్న ముసలివాళ్లు రెండోదాని కోసం నెలల తరబడి చూశారు. సరఫరా ఆలస్యమైందని ఆస్ట్రాజెనెకా తమకు లీగల్ నోటీసు పంపిందని సీరం అధిపతి అదార్ పూనావాలాయే ఏప్రిల్లో చెప్పారు. కోవాక్స్ అయితే ఎక్కువగా సీరం ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంది. ఒక్క బోరు మీద ఊరంతా బతకడం లాంటిదే అది.

అమెరికా "సంచులు" ఆపేసిందని అప్పుడు పేపర్లో చదివినాను. టీకాకు సంచులెందుకు? పాలిథిన్ సంచులు మనకాడ దొరకవా?
– మందుల దుకాణదారు, ఆదోని

నవ్వుకునే ప్రశ్నేమీ కాదు, గొడవంతా ఆ సంచి మీదే. కణాలను పెంచే పాత్రను బయోరియాక్టర్ అంటారు. పాతకాలంలో అది స్టీలు ట్యాంకు. బ్యాచ్ అయిన ప్రతిసారీ కడగాలి, ఆవిరితో శుద్ధి చేయాలి, శుభ్రమైందని పరీక్షతో నిరూపించాలి. ఇప్పుడు ట్యాంకు లోపల ఒకసారి వాడి పారేసే సంచి వేస్తారు. 1,000 లేదా 2,000 లీటర్లు పట్టే పెద్ద సంచి. అనేక పొరల ప్లాస్టిక్, గామా కిరణాలతో శుద్ధి చేసి వస్తుంది. గొట్టాలు, కలిపే రెక్క, కొలిచే పరికరాలు అన్నీ అందులోనే అతికించి ఉంటాయి. ప్లాస్టిక్ నుంచి ఏ రసాయనమూ మందులోకి దిగదని రుజువు కావాలి. ఒక కంపెనీ సంచితో అనుమతి తెచ్చుకున్నవాడు రేపు ఇంకో కంపెనీ సంచి వాడాలంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ కాగితాలు. ఫిల్టర్లదీ ఇదే కథ. తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో కొద్ది, వాటిలో పెద్దవి చాలావరకు అమెరికావి.

అమెరికా పైకి నిషేధమేమీ పెట్టలేదు. కొరియా యుద్ధకాలం నాటి 1950 చట్టం ఒకటుంది, డిఫెన్స్ ప్రొడక్షన్ యాక్ట్. దానికింద ఏదైనా ఆర్డరుకు ప్రభుత్వం ముద్ర వేస్తే, సరఫరాదారు ఆ ఆర్డరు తీర్చాకే మిగతావాళ్ల వైపు చూడాలి. టీకా సరుకులకు ఆ ముద్ర పడింది. పుణె నుంచి వెళ్లిన ఆర్డరు ఎక్కడికీ పోలేదు, వరుసలో కిందికి జారింది. ఫలితం మాత్రం నిషేధమంతే. 2021 ఏప్రిల్ 16న పూనావాలా అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్‌ను ఉద్దేశించి బహిరంగంగా ట్వీట్ చేశారు. 25న, కోవిషీల్డ్‌కు అత్యవసరమైన ముడిసరుకు పంపుతామని అమెరికా ప్రకటించింది. అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడింది కోవిషీల్డ్ కన్నా సీరం తయారుచేయబోతున్న రెండో టీకా కోవోవాక్స్.

తమాషా ఏమిటంటే, అదే సమయంలో అమెరికాలో ఆస్ట్రాజెనెకా డోసులు వాడకానికి అనుమతి లేక గోదాముల్లో కూర్చున్నాయి. మార్చిలో మెక్సికోకు 25 లక్షలు, కెనడాకు 15 లక్షలు అప్పిచ్చారు. 6 కోట్లు పంచుతామని ఏప్రిల్ 26న అన్నారు.

యూరప్ దేశాలు డబ్బు కట్టీ మోసపోయాయని అంటారు. కాగితం మీద సంతకం ఉన్నాక కంపెనీ ఎట్లా తప్పించుకుంటుంది?
– న్యాయవాది, అనంతపురం

మీ వృత్తికి తగిన ప్రశ్న. జవాబంతా మూడు మాటల్లో ఉంది: "బెస్ట్ రీజనబుల్ ఎఫర్ట్స్". చేతనైనంత, న్యాయమైనంత కృషి అని అర్థం.

యూరోపియన్ యూనియన్ 2020 ఆగస్టు 27న ఆస్ట్రాజెనెకాతో 30 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది, ఇంకో 10 కోట్లకు అవకాశం ఉంచుకుంది. 2021 జనవరి 22న కంపెనీ చావు కబురు చల్లగా చెప్పింది. మొదటి మూడు నెలల వాటాలో పెద్ద కోత. కారణం బెల్జియం కర్మాగారంలో దిగుబడి తక్కువట. దిగుబడి అన్న మాట రైతులకు తెలిసిందే. ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసినా ఒక చేలో పది బస్తాలు, పక్క చేలో మూడు. జీవకణాలూ అంతే. తమ కర్మాగారాల్లో బాగా వచ్చే చోట ఒక బ్యాచ్‌కు, తక్కువ వచ్చే చోట కన్నా మూడు రెట్లు వస్తోందని కంపెనీ అధిపతి పాస్కల్ సోరియో చెప్పారు. ఆ మాట నమ్మదగిందే. యూరప్‌ను మండించింది వేరే సంగతి. బ్రిటన్‌కు మాత్రం కోత పడలేదు.

మీరు మాకు రాసిచ్చింది "కృషి" మాత్రమే, బ్రిటన్ మూడు నెలల ముందే బేరం కుదుర్చుకుంది అని కంపెనీ వాదించింది. ఒప్పందంలో బ్రిటన్ కర్మాగారాలు కూడా మా సరఫరా కిందే ఉన్నాయి కదా అని యూరప్ జవాబు చెప్పింది. నిజంగానే ఒక క్లాజు ప్రకారం తయారీ చోటుల లెక్కలో బ్రిటన్‌ను కూడా యూరప్‌లో భాగంగా రాసుకున్నారు. కానీ తుంగభద్ర హెచ్చెల్సీ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? వాటా కాగితం ఎవరి దగ్గరున్నా, పైన తూము తాళం చెవి ఉన్నవాడి మడి ముందు తడుస్తుంది. చివరి ఆయకట్టుకు చేరేది తడి మట్టి.

జనవరి 29, 30 తేదీల్లో యూరప్ తానూ తాళం చెవి పట్టుకుంది. అనుమతి లేకుండా టీకా బయటికి పోకూడదంది. ఆ తొందరలో ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు మీద కూడా చెయ్యి వేసి, గంటల్లోనే వెనక్కి తీసుకుంది. మార్చి 4న ఆస్ట్రేలియాకు వెళ్లాల్సిన 2.5 లక్షల డోసులను ఇటలీ ఆపేసింది. అదే నెలలో ఇటలీలోని అనాగ్ని అనే ఊళ్లో సీసాల్లో నింపే కర్మాగారంలో 2.9 కోట్ల డోసులు కనబడ్డాయి. దాచిన సరుకని ఒకరు, పరీక్షల కోసం ఆగిన సరుకని ఒకరు. కంపెనీ చెప్పినదాని ప్రకారం అందులో ఎక్కువ భాగం యూరప్‌కే, కొంత కోవాక్స్‌కు వెళ్లాల్సింది.

చివరికి బ్రస్సెల్స్ కోర్టు జూన్ 18న సెప్టెంబరు 27 లోపు 5 కోట్ల డోసులు ఇవ్వాలని, ఇవ్వని ప్రతి డోసుకూ 10 యూరోల జరిమానా అని ఆదేశించింది. యూరప్ అడిగినదానికి అది చాలా తక్కువ. ఇద్దరూ తామే గెలిచామన్నారు. సెప్టెంబరు 3న రాజీపడ్డారు.

లాయరుగా మీరు గమనించాల్సింది "కృషి" అన్న పదాన్ని కాదు, దాని పక్కన లేనివాటిని. నెలవారీ కనీస సంఖ్య లేదు, తప్పితే ఎంత కట్టాలో లేదు. ఆ 10 యూరోలు కూడా కోర్టు వేసిన లెక్కే.

మన రాష్ట్రం గ్లోబల్ టెండర్ వేసింది గుర్తుంది. ఏమయింది?
– డిగ్రీ విద్యార్థిని, తాడిపత్రి

2021 మేలో కోటి డోసులకు పిలిచారు. జూన్ 3 గడువు నాటికి ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. మహారాష్ట్ర, ఢిల్లీ వంటి రాష్ట్రాలూ ఇదే పని చేసి చేతులు కాల్చుకున్నాయి. దేశ ప్రభుత్వాలతో తప్ప రాష్ట్రాలతో బేరం చేయబోమని మోడెర్నా పంజాబ్‌కు, ఫైజర్ ఢిల్లీకి చెప్పేశాయి. దానికీ కారణం ఉంది. సూది వికటిస్తే నష్టపరిహారం కేసులు తమ మీదికి రాకుండా రక్షణ కావాలని ఆ కంపెనీలు పట్టుపట్టాయి. అలాంటి హామీ రాష్ట్రం చేతిలో ఉండదు. ఆ రోజుల్లో మన కంపెనీలే రాష్ట్రాలకు కోవిషీల్డ్ 300, కోవాక్సిన్ 400 రూపాయలకు ఇస్తుంటే, కేంద్రానికి 150. ఒకే దేశంలో కొనుగోలుదారులు ఒకరిమీద ఒకరు పాడుకోవడం మొదలైతే లాభం ఎవరిదో మార్కెట్ యార్డులో కూర్చున్న ఏ రైతునడిగినా చెబుతాడు. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇవ్వడంతో ఆ ముచ్చట ముగిసింది.

మా మరిదికి అప్పుడు కోవాక్సిన్ వేసినారు. కువైట్ వాళ్లు ఒప్పుకోలేదు, పని పాయె. మళ్లీ ఇట్లాంటిది వస్తే ఏం జూసుకోవాల?
– గృహిణి, కడప

అమ్మా, మీ మరిది వేయించుకున్న టీకా తక్కువదని కాదు. అప్పటికి ఆ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో లేదు. కోవిషీల్డ్ 2021 ఫిబ్రవరి 15కే జాబితాకెక్కింది. కోవాక్సిన్‌కు దరఖాస్తు ఏప్రిల్లో వెళ్లి, నవంబరు 3న ఆమోదం వచ్చింది. కువైట్ ఆగస్టు 1 నుంచి రెసిడెన్సీ ఉన్నవాళ్లను రానిస్తామన్నప్పుడు ఒప్పుకున్నవి ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్. ఆగస్టుకూ నవంబరుకూ మధ్య ఆ మూడు నెలల్లో వీసా గడువు తీరినవాళ్లే బలైపోయారు.

కోవిషీల్డ్ వేయించుకున్నవాళ్లకూ తిప్పలు తప్పలేదు. పేరు వేరు కాబట్టి, ఇది ఆస్ట్రాజెనెకా టీకాయేనా అన్న అనుమానం. బ్రిటన్ అయితే సెప్టెంబరులో టీకాను ఒప్పుకుని, మన సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. దానికి బదులుగా అక్టోబరు 4 నుంచి బ్రిటన్ వాళ్లకు మనమూ పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారం తిరిగేసరికి, 11 నుంచి వాళ్లు దిగొచ్చారు. ఆ తగువులో తేలిన చిన్న లోపం ఒకటుంది. మన సర్టిఫికెట్ మీద వయసు మాత్రమే ఉండేది, పుట్టిన తేదీ ఉండేది కాదు. తర్వాత టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో విదేశీ ప్రయాణానికి పూర్తి తేదీతో వేరే సర్టిఫికెట్ ఇచ్చారు.

మళ్లీ వస్తే చూసుకోవాల్సినవి ఇవి. సూది వేయించుకోకముందే, వెళ్లే దేశం ఏ టీకాలు ఒప్పుకుంటుందో ఆ దేశ ఆరోగ్యశాఖ ప్రకటనలోనే చూడండి, ఏజెంటు నోటిమాట వద్దు. నమోదుకు ఆధార్ కాకుండా పాస్‌పోర్టే ఇవ్వండి. మనవైపు ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటుంది, పొట్టి అక్షరాలు ఒకచోట, పూర్తి పేరు ఒకచోట. విమానాశ్రయంలో చిక్కు వచ్చేది ఇక్కడే. కోవిన్‌లో పేరు, పుట్టిన సంవత్సరం ఒక్కసారే దిద్దుకోనిచ్చారు. ఆ ఒక్కసారి పిల్లోడి చేత హడావిడిగా చేయించి మళ్లీ తప్పు పడినవాళ్లు ఉన్నారు. డోసుల మధ్య ఎడం కూడా లెక్కే. కోవిషీల్డ్‌కు అప్పుడు 12 నుంచి 16 వారాలు ఉండేది. ఉద్యోగానికి, చదువుకు వెళ్లేవాళ్లకు 28 రోజుల తర్వాతే వేయొచ్చని జూన్‌లో కేంద్రం సడలించింది. ఆ సంగతి తెలియక వీసా పోగొట్టుకోవడం కంటే బాధ లేదు.

సీసాలో పది డోసులని రాసుంటే మేము పదకొండు తీసినాము. అది తప్పా? పై దేశాల్లో దీనిమీదే గొడవలైనాయంట.
– ఏఎన్‌ఎం, పత్తికొండ

తప్పు కాదు, పనితనం. కోవిషీల్డ్ సీసా 5 మిల్లీలీటర్లు, డోసు 0.5. సూదిలో, మూతకు కొంత అంటుకుని పోతుందని కంపెనీ కాస్త ఎక్కువే నింపుతుంది. మనం వాడే ఆటో డిసేబుల్ సిరంజికి సూది అతికే ఉంటుంది కాబట్టి ఆ అతుకు దగ్గర మందు నిలవదు. అందుకే పదకొండోది వస్తుంది. కేరళ 73,38,806 డోసులు తీసుకుని 74,26,164 వేసింది ఇట్లాగే. కానీ పదకొండోది నిండా 0.5 వస్తేనే వేయాలి. రెండు సీసాల అడుగుల్లో మిగిలినవి కలిపి ఒక డోసు చేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఒక సీసాలో మలినం చేరితే రెండోదీ పాడవుతుంది, ఏ బ్యాచ్ వేశారో కూడా రాయలేరు. తెరిచిన సీసా నాలుగు గంటలే. ఎండాకాలం క్యారియర్‌లో పెట్టే నాలుగు ఐస్‌ప్యాకులు ఫ్రీజర్ నుంచి తీయగానే పెట్టొద్దు. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీటి చప్పుడు రావాలి. గడ్డకట్టిన మందు పనికిరాదు.

గొడవ ఫైజర్ సీసా మీద అయింది. ఉప్పునీరు కలిపాక అందులో 2.25 మిల్లీలీటర్లు. డోసు 0.3. మొదట ఐదు డోసులని లెక్క. మందు నిలవని సన్న సిరంజితో ఆరు వస్తున్నాయని ఆసుపత్రి సిబ్బందే కనిపెట్టారు. 2021 జనవరిలో అమెరికా, యూరప్ అధికారులు లేబుల్‌ను ఆరుకు మార్చారు. మరుక్షణం కంపెనీ లెక్కా మారింది. 195 సీసాల ట్రే నిన్న 975 డోసులు, ఇవాళ 1,170. ఒప్పుకున్న డోసులకు సీసాలు తక్కువ పంపితే చాలు. సన్న సిరంజిలు లేని ఆసుపత్రికి ఐదే వస్తాయి, బిల్లు ఆరింటికి. స్వీడన్ కొంతకాలం బిల్లు కట్టకుండా ఆపింది. సిబ్బంది నేర్పు కంపెనీ ఖాతాలో జమైంది.

వృథా సంగతి అడగలేదు గానీ చెప్పాలి. ధనిక దేశాలు దానంగా పంపినవాటిలో చాలావాటికి గడువు వారాలే మిగిలి ఉండేది. నైజీరియా 2021 డిసెంబరులో పది లక్షల పైచిలుకు చెత్తలో వేసింది. మన పీహెచ్‌సీకి రేపు గడువు తీరే సరుకు పంపి, ఎందుకు వాడలేదని అడిగినట్టు.

పేటెంట్ ఎత్తేస్తే అందరూ తయారుచేసుకునేవాళ్లు కదా?
– కెమిస్ట్రీ లెక్చరర్, ప్రొద్దుటూరు

మాత్రలకైతే అవును. టీకాకు సగమే నిజం. భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరు 2న ప్రపంచ వాణిజ్య సంస్థలో మినహాయింపు అడిగాయి. అమెరికా 2021 మే 5న సరేనంది. కాగితం తేలింది 2022 జూన్ 17న, అదీ టీకాల పేటెంట్లకు మాత్రమే. అప్పటికి డోసుల కొరత పోయి, వేయించుకునేవాళ్ల కొరత వచ్చింది.

మోడెర్నా తన పేటెంట్ల మీద మహమ్మారి కాలంలో కేసు వేయనని 2020 అక్టోబరులోనే చెప్పింది. అయినా ఎవరూ వెంటనే తయారు చేయలేకపోయారు. వంటల పుస్తకం ఉంటే చాలదు, చెయ్యి తిరిగిన వంటమనిషి పక్కన నిలబడాలి. కేప్‌టౌన్‌లో ఆఫ్రిజెన్ అనే సంస్థ బహిరంగ సమాచారంతో ప్రయోగశాల స్థాయిలో చేసి చూపేసరికి 2022 వచ్చింది. దీనికి పూర్తి వ్యతిరేకం హైదరాబాదు బయోలాజికల్-ఇ వారి కోర్బెవాక్స్. టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంట్ లేకుండానే ఇచ్చారు, చేసే పద్ధతి కూడా నేర్పారు. 2021 డిసెంబరు 28న అనుమతి వచ్చింది. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు వేసింది అదే.

కొత్త ఒప్పందంలో మనకు ఒరిగేదేమిటి?
– పంచాయతీ సభ్యుడు, నంద్యాల రోడ్డు, కర్నూలు

దీని వేరు 2007లో ఉంది. ఇండోనేషియా బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలు పంపడం ఆపేసింది. మా వైరస్‌తో మీరు టీకా చేసి మాకే అమ్ముతారా అని నిలదీసింది. ఆ తగువు నుంచి 2011లో ఇన్‌ఫ్లుయెంజాకు ఒక ఏర్పాటు వచ్చింది. 2025 మే 20న ఆమోదించిన ఒప్పందం దాన్నే పెద్దది చేస్తుంది. వైరస్ సమాచారం పంచుకునే ఏర్పాటులో చేరిన కంపెనీలు, మహమ్మారి సమయంలో అప్పటికప్పుడు తయారయ్యేదాంట్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్నది లక్ష్యం. అందులో కనీసం 10 శాతం ఉచితం, మిగతాది అందుబాటు ధరకు. ఎవరు ఏ నెలలో ఎంత ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమిటి అన్నవి అనుబంధానికి వదిలారు. అనంతపురం లాయరు గారు అడిగిన ప్రశ్నే మళ్లీ ఇక్కడ. అనుబంధంలో నెల, సంఖ్య, జరిమానా మూడూ ఉన్నాయా అని చూడండి. ఉంటే ఆ 20 శాతాన్ని నమ్మొచ్చు. లేకుంటే మిగిలేది మళ్లీ "చేతనైనంత కృషి"యే.